ఒంటరి డానియో



మా మనుమరాలు ఒకనాడు నన్నొక ప్రశ్న అడిగింది. ఎన్నో యేళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి గదా, ఆలోచించకుండానే జవాబు చెప్పేశాను. అది తప్పు జవాబు. ఆ తప్పు ఎలా తెలిసిందో, దాన్ని ఎలా దిద్దుకొన్నానో ఈ నెల చెబుతాను.

రెండేళ్ల క్రిందట సంక్రాంతికి రొంపిచెర్లలోని మా యింటికి ఒక అద్దాల తొట్టి వచ్చింది. పొడవు రెండడుగులు. దానితో పాటు నరసరావుపేటలో రకానికి రెండేసి చొప్పున చేపలు కొన్నాము. "జతగా వుంటే చాలు మాస్టారూ" అన్నాడు దుకాణం అబ్బాయి. నేనూ మరి అడగలేదు. అన్నిటిలోకీ చురుకైనవి రెండు డానియోలు. వేలెడు పొడవు, వెండి వొళ్లు, ప్రక్కల నీలి చారలు, వాటి మధ్య పసుపు గీతలు. ఒక్క క్షణం నిలవవు.

చూడగా చూడగా తెలిసింది, అది ఆట కాదని. పెద్దది చిన్నదాన్ని రోజంతా తరుముతున్నది. చిన్నది రెండడుగులు పరుగెత్తేసరికి అద్దం అడ్డం వచ్చేది. వెనక్కు తిరిగితే ఎదురుగా శత్రువు! వారం తిరక్కుండానే ఒక తెల్లవారుజామున ఆ చిన్న చేప బల్ల వెనుక నేలమీద ఎండిపోయి కనబడింది. తొట్టికి మూత లేదు. రాత్రి ఎగిరి బయటపడిందన్నమాట.

ఇక పెద్దదానికి అడ్డులేదు, హాయిగా వుంటుందనుకొన్నాను. అట్లా జరగలేదు. అది గొట్టం వెనక్కు చేరింది. నీలిరంగు వెలవెలబోయింది. మేత వేస్తే ఒక గింజ అందుకొని మళ్లీ మూలకు పోయేది.

"తాతయ్యా, చేపకు దిగులు వుంటుందా?" అని అడిగింది మనుమరాలు.

"దిగులు మనుషులకమ్మా. చేపకేమిటి?" అన్నాను.

ఆ పిల్ల నమ్మలేదు. ఆ రాత్రి నాకూ నిద్రపట్టలేదు. మరునాటినుంచి పుస్తకాలు తిరగవేశాను.

డానియోలు మన దేశపు చేపలే. వీటిలో మలబారు డానియో అనేదాన్ని 1849లో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు శాస్త్రలోకానికి ఎరుకపరిచాడు. ఆయన అంతకు ముందు మన నెల్లూరులో సర్జనుగా పనిచేశాడు. అక్కడ యానాదులతో తిరిగి, జంతువుల సంగతులు వారి దగ్గర ఎన్నో నేర్చుకొన్నాడు. ఈ చేపలు దక్షిణ భారతంలోనూ, శ్రీలంకలోనూ పారే వాగుల్లో వుంటాయి. ఎప్పుడూ గుంపులోనే తిరుగుతాయి.

గుంపెందుకు? వందమందిలో మిమ్మల్ని వెతికి పట్టుకోవడం కష్టం గదా! కొంగకూ అంతే, పెద్ద చేపకూ అంతే. పైగా వంద జతల కళ్లు కాపలా కాస్తాయి. చేప ప్రక్కన తల నుంచి తోక దాకా సన్నని గీత ఒకటి వుంటుంది. దాన్ని పార్శ్వరేఖ అంటారు. ప్రక్క చేప కదిలితే నీటిలో పుట్టే అదురును అది పసిగడుతుంది. కంటితోనూ, ఈ గీతతోనూ పొరుగువాణ్ణి కనిపెట్టి వుండబట్టే గుంపంతా ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. అక్కడ నాయకుడు వుండనక్కరలేదు.

మరి ఒంటరి చేప సంగతి? డానియోల చుట్టమే జీబ్రాచేప. దానిమీద పోర్చుగల్ శాస్త్రజ్ఞులు చేసిన ఒక పరిశోధన 2017లో వెలువడింది. చేప చర్మానికి గాయమైతే ఒక పదార్థం నీటిలో కలుస్తుంది. తోటి చేపలకు అది ప్రమాద ఘంట. ఆ పదార్థాన్ని నీటిలో కలిపి చూశారు. ఒంటరి చేప బాగా బెదిరిపోయింది. అద్దానికి అవతల తోటి చేపలు కనబడుతున్న చేప అంతగా బెదరలేదు. తనవాళ్లు కంటికి కనబడితే చాలు, భయం తగ్గింది!

మన దిగులూ దాని దిగులూ ఒకటేనని నేననను. కాని "చేపకేమిటి?" అన్న నా మాట మాత్రం తప్పు. ఆ సంగతి మా మనుమరాలితో చెప్పాను. "అయితే తోడు తెద్దాం" అన్నది.

తోడంటే ఇంకొకటి కాదు. రెండే వుంటే మళ్లీ తరుముడే. ఎనిమిదీ పదీ వుంటే ఆ తరుముడు అందరికీ పంచబడి, ఎవరికీ గాయం కాదు. అయితే పదింటికి చోటు కావాలి. ఒక లెక్క చెప్పండి. డానియో పెరిగితే 10 సెంటీమీటర్లు. రెండడుగుల తొట్టి 60 సెంటీమీటర్లు, అంటే చేపకు ఆరింతలు. నాలుగడుగుల కుర్రవాడికి 24 అడుగుల గది ఇచ్చి, జన్మంతా ఇందులోనే పరుగెత్తమన్నట్టు! అందుకే ఈదే చేపకు ఎత్తైన తొట్టి కంటె పొడవైన తొట్టి మేలు.

కొత్త తొట్టి 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. నీళ్లు 40 వరకు పోశాము. 120ని 45తోనూ, వచ్చినదాన్ని 40తోనూ హెచ్చించండి. 2,16,000 ఘన సెంటీమీటర్లు, అంటే 216 లీటర్లు. నీటి బరువే 216 కిలోలు. 75 కిలోల వడ్ల బస్తాలు మూడింటికి దగ్గర! మామూలు బల్ల ఆగదు. మన పలనాడు నాపరాళ్లకు పుట్టిల్లు గదా, ఇటుక దిమ్మెలు కట్టి పైన నాపబండ పరిచాము. ఈసారి మూత మరువలేదు.

"ఇంకేం, చేపలు తెండి" అని మనుమరాలి తొందర. ఇక్కడే ఓపిక కావాలి. చేప విసర్జనంలోనుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఒక జాతి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. మరొక జాతి దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. దానివల్ల హాని తక్కువ. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు వుండవు. అవి పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. పాత తొట్టి స్పాంజిలో సగం కోసి కొత్తదానిలో పెట్టి, రోజూ చిటికెడు మేత వేశాను. చుట్టుప్రక్కలవారు వచ్చి, "చేపలేవి మాస్టారూ?" అని నవ్వేవారు. "ముందు కంటికి కనబడనివి పెంచుతున్నాను" అనేవాణ్ణి. పాత తొట్టిలో ఒంటరి చేపను చూస్తే నాకూ తొందరగానే వుండేది. అయినా చుక్కల మందుతో నీటిని పరీక్షించి, అమ్మోనియా, నైట్రైటు రెండూ కనబడనిదాకా ఆగాము. మూడు వారాలు పట్టింది.

చెన్నైలోని కొళత్తూరు రంగు చేపల వ్యాపారానికి పేరుపడ్డ చోటు. అక్కడికి వెళ్లిన బంధువు ఒకాయన ఆక్సిజన్ నింపిన సంచిలో పది డానియోలు తెచ్చాడు. సంచిని అట్లాగే తొట్టిలో కాసేపు తేల్చి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ సమమైన వేడికి వచ్చాక వదిలాము. తరువాత మన ఒంటరిదాన్ని వదిలాము. అది ఆకుల చాటుకు పోయి ఒక గంట నిలబడింది. మా గుండెలు కొట్టుకొన్నాయి. గుంపు ఆ ప్రక్కగా రెండుసార్లు పోయింది. మూడోసారి మెల్లగా తోక కదిలించి వాటి వెనుక చేరింది.

ఎండాకాలంలో ఇంకొక పరీక్ష వచ్చింది. పలనాటి ఎండలు మీకు తెలుసు గదా, రెంటచింతల పేరు పేపర్లలో చూస్తూనే వుంటారు. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. పరుగెత్తే చేపకేమో గాలి ఎక్కువ కావాలి. తొట్టిని ఎండ పడని గదిలో పెట్టాము. నీటిమీదికి ఫాను త్రిప్పాము. తొట్టి చుట్టూ తడిగుడ్డ కట్టాము. కరెంటు పోతే గాలి బుడగలు ఆగిపోతాయి. అప్పుడు చెంబుతో నీళ్లు తీసి ఎత్తునుంచి పోస్తూ వుండేవాళ్లం, వంతులవారీగా.

వారానికొకసారి నాలుగు బిందెల నీళ్లు మారుస్తాము. కుళాయి నీటిలో బ్లీచింగు పౌడరు వుంటుంది కనుక, ముందురోజే వెడల్పు తొట్టిలో పట్టి వుంచుతాము. స్పాంజిని కుళాయి క్రింద ఎన్నడూ కడగము. సూక్ష్మజీవులు చస్తాయి. తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండుతాము.

ఒక హెచ్చరిక. చేపలు విసుగుపుట్టాయనో, పెద్దవయ్యాయనో సాగర్ కాలువలో వదలకండి. అలా వదిలిన పరదేశపు సక్కరుచేపలు మన చెరువుల్లో పెరిగి జాలర్ల వలలు పాడుచేస్తున్నాయి. పెంచలేకపోతే పెంచగలవారికి ఇవ్వండి.

తొట్టి లేనివారు విచారించవద్దు. పెద్దవారిని వెంటబెట్టుకొని చెరువు రేవుకు వెళ్లండి. నీటిలో దిగకుండా మెట్టుమీద నిలబడి పరిగెల గుంపును చూడండి. మీ నీడ పడగానే అవి ఎటు తిరిగాయి? ఏది ముందు తిరిగింది? కనిపెట్టి వ్రాసి పంపండి.

మొన్న మా మనుమరాలిని అడిగాను, "మన పాత చేప ఏదమ్మా?" అని. చాలాసేపు అద్దానికి ముక్కు ఆనించి చూచింది. ఆ పదకొండింటిలో ఏదో చెప్పలేకపోయింది. నేనూ చెప్పలేకపోయాను.

వచ్చే నెల మరొక సంగతి: చేప ఈత మానినా మునిగిపోదు, ఎందుకని? మీరు ఆలోచిస్తూ వుండండి.