ఒక్క తెర - పలు చేతులు

ప్రకాశం బ్యారేజీ మీద తెల్లవారుట చూడని విజయవాడ విద్యార్థి అరుదు. కాని ఆ వేకువ నీటి రంగేమిటని అడిగితే చాలామంది “నీలం” అని ఊరుకుంటారు. అది చూచి చెప్పిన మాట కాదు, చదివి చెప్పిన మాట.

ఇటీవల ఒక పాఠశాలలో డ్రాయింగు మాస్టారు పెద్ద తెల్లగుడ్డను గళ్లుగా విభజించి, పిల్లలకు తలా ఒక గడి ఇచ్చి, కృష్ణాతీర సూర్యోదయాన్ని చిత్రింపజేశారు. దగ్గరగా చూస్తే రంగుమరకలు తప్ప ఏమీ లేవు. పది అడుగులు వెనుకకు జరిగేసరికి నది కదలినది! అంతలో ఒక పెద్దమనిషి, “వీటిలో ఏది ప్రథమం? బహుమతి ఎవరికి?” అన్నారు. పిల్లలు ఒకరి ముఖమొకరు చూచుకొన్నారు. ఆ ప్రశ్నయే నాచేత ఈ వ్యాసం వ్రాయించినది.

ఈ పద్ధతికి మూలపురుషులు ఫ్రాన్సు దేశపు ఇంప్రెషనిస్టులు. 1874 ఏప్రిల్‌లో సుమారు ముప్పదిమంది చిత్రకారులు సహకార సంఘంగా ఏర్పడి, చందాలు వేసుకొని, పారిస్‌లో స్వంత ప్రదర్శన నడిపారు. అందులో మోనే చిత్రించిన రేవుపట్టణపు సూర్యోదయం పేరు పట్టుకొని లూయీ లెరువా అనే విమర్శకుడు వారిని ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి పేరే స్థిరపడినది. రంగులను పక్కపక్కన ఉంచితే చూచువాని కన్నే కలుపుకొంటుందనీ, నీడ కేవలం నలుపు కాదనీ వారు చూపారు.

ఇది మనకు పరాయి విద్య కాదు. పెడన కలంకారీలో అచ్చు చెక్కేవారొకరు, అద్దేవారొకరు, ఉడికించేవారొకరు, కాలువలో ఉతికేవారొకరు. గుడ్డమీద ఎవరి పేరూ ఉండదు. గోలకొండ సుల్తానుల కాలంలో బందరు రేవునుండి పారశీకానికి ఓడలెక్కిన అద్దకాలలో ఏ మతస్థుల చేతులెన్నో ఎవరు లెక్కింపగలరు?

బహుమతి లేనిదే శ్రద్ధ ఉండదని కొందరి వాదం. పరీక్షలో ఎవరి జవాబు వారే వ్రాయవలసినదే, కాదనను. కాని ర్యాంకులే ఊపిరిగా బ్రతికే మన ఊరిలో, పక్కవాని గడి చెడితే తన గడీ చెడుతుందని నేర్పే పాఠం ఒక్కటైనా ఉండవద్దా? ఆ తెరలో జ్వరంతో రాని ఒక బాలుని గడి ఖాళీగా మిగిలినది. నది మధ్యలో తెగిపోరాదని చుట్టూ ఉన్న నలుగురూ తమ రంగులతో దానిని నింపారు. అలా నింపమని ఎవరూ చెప్పలేదు.

కమిటీవారికి నా విన్నపమొక్కటే: వార్షికోత్సవంలో ఇట్టి ఉమ్మడి చిత్రానికి ఒక గోడ ఇవ్వండి, కప్పు వద్దు. విద్యార్థి మిత్రులారా! రేపు వేకువన బ్యారేజీ దాటునప్పుడు ఒక్క నిమిషం ఆగండి. “నీలం” అన్న మాట మరచి నీటిని చూడండి.