పాచికలకు లీగు తేడా తెలియదు

ఫ్రెడ్ డన్‌లప్ మంచి ఆటగాడే. మా అబ్బాయి వాళ్ల డైనింగ్ టేబుల్ మీద పాచికలు చెప్పినంత గొప్పవాడు మాత్రం కాదు. ఈ మాట అన్నందుకు మా మనవడికి నా మీద కోపం. వాడు పుట్టి పెరుగుతున్నది సెయింట్ లూయిస్‌లో. డన్‌లప్ 1884లో ఆ ఊరి బేస్‌బాల్ జట్టుకు ఆడాడు. నేనేమో గుంటూరు జిల్లా క్రికెట్ లీగుల్లో స్కోరు పుస్తకాలు రాసి రాసి తల నెరిసినవాణ్ణి. ఊరి అభిమానం వాడిది, పుస్తకం మీద అనుమానం నాది. మా తగవంతా అసలు జరగనే లేని ఒక ఫైనల్ గురించి.

1884లో అమెరికాలో మూడు లీగులు తామే పెద్దవాళ్లమన్నాయి. నేషనల్ లీగ్, అమెరికన్ అసోసియేషన్, ఆ ఏడే పుట్టి ఒక్క సీజన్‌తో మూతపడిన యూనియన్ అసోసియేషన్. మొదటి రెండు లీగుల విజేతలు అక్టోబరులో న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో తలపడ్డారు. ప్రావిడెన్స్ గ్రేస్ జట్టు న్యూయార్క్ మెట్రోపాలిటన్స్‌ని వరసగా మూడు ఆటల్లో ఓడించింది. మూడింటిలోనూ ప్రావిడెన్స్ తరఫున బంతి విసిరినవాడు ఒక్కడే, చార్లెస్ రాడ్‌బోర్న్. మూడో ఆటకు చలిలో వచ్చి కూర్చున్న జనం సుమారు 300 మంది. యూనియన్ విజేత సెయింట్ లూయిస్ మెరూన్స్‌ని మాత్రం ఎవరూ పిలవలేదు. తమ ఆటగాళ్లను ఎగరేసుకుపోయే ఆ లీగుని మిగతా రెండూ వెలేశాయి.

ఆ పిలవని ఆటని మనవడు, నేను టేబుల్ మీద ఆడించాం. కథ దృష్ట్యా చూస్తే అంతకన్నా రంజైన ఫైనల్ దొరకదు. మెరూన్స్ పిచర్ చార్లీ స్వీనీ ఆ ఏడు మొదట్లో ప్రావిడెన్స్ వాడే. జూన్ 7న బోస్టన్ మీద ఒకే ఆటలో 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. జులైలో మేనేజర్‌తో గొడవపడితే జట్టు వెళ్లగొట్టింది. వెళ్లి సెయింట్ లూయిస్‌లో తేలి అక్కడ 24 గెలిచి 7 ఓడాడు. ప్రావిడెన్స్‌లో మిగిలిన భారమంతా రాడ్‌బోర్న్ భుజం మీద పడింది. ఆ సీజన్‌లో అతను వేసినవి 678 ఇన్నింగ్స్ పైమాట. మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా తానే వేసిన ఆటలు 73. ఈ కాలపు పిచర్ ఏడాదికి 200 ఇన్నింగ్స్ వేస్తే గట్టివాడంటారు. ఒకప్పటి జట్టు సహచరులు ఇద్దరూ ఎదురుబదురుగా నిలబడే ఆట ఇది.

కార్డులు తయారు చేసింది మనవడే. ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో అట్టముక్క, దాని మీద అడ్డం ఆరు, నిలువు ఆరు, మొత్తం 36 గళ్లు. ఎర్ర పాచిక అడ్డవరస చెబుతుంది, తెల్ల పాచిక నిలువువరస చెబుతుంది. పచ్చరంగు గడి పడితే హిట్, లేకపోతే అవుట్. పిచర్‌ని బట్టి ఒకటి రెండు గళ్లు రంగు మారతాయి. డన్‌లప్ 1884 బ్యాటింగ్ సగటు 0.412. అంటే 36 గళ్లలో 15 పచ్చవి. వాడు స్కెచ్ పెన్నుతో ఆ పదిహేనూ నింపుతుంటేనే నాకు ఫలితం అర్థమైపోయింది. మెరూన్స్ 7, గ్రేస్ 3. డన్‌లప్‌కి నాలుగు హిట్లు.

"చూశావా తాతయ్యా, మనవాళ్లు ఆ ఏడు 94 గెలిచి 19 ఓడారు. ఇంకేం కావాలి?" అన్నాడు.

ఎవరి మీద గెలిచారన్నది కావాలి. మ్యాటింగ్ వికెట్ మీద, వేళకి పదకొండు మంది కూడా రాని జట్టు మీద కొట్టిన సెంచరీని నేను ఎన్నోసార్లు పుస్తకంలో రాశాను. పుస్తకంలో అది కూడా వందే. సెలెక్షన్ రోజున ఆ వంద చూపించి వాదించే తండ్రులనూ చూశాను. అంకె అబద్ధం కాదు, కాని సగమే చెబుతుంది. మిగతా సగం ఆడిన లీగుని బట్టి ఉంటుంది.

యూనియన్ అసోసియేషన్ ఎలాంటి లీగో చూడండి. దాని అధ్యక్షుడు హెన్రీ లూకస్. మెరూన్స్ జట్టు యజమానీ ఆయనే. డబ్బు పోసి మంచివాళ్లను తన జట్టులోకి తెచ్చుకున్నాడు, డన్‌లప్‌ని క్లీవ్‌లాండ్ నుంచి లాక్కొచ్చాడు. ఫలితంగా మెరూన్స్ మొదటి 20 ఆటలూ వరసగా గెలిచింది. అంతలోనే లీగులో ఉత్కంఠ చచ్చిపోయింది. ఆల్టూనా 25 ఆటలు ఆడి చేతులెత్తేసింది. విల్మింగ్టన్ 18 ఆటల్లో రెండు గెలిచి మూటాముల్లె సర్దుకుంది. సెయింట్ పాల్ జట్టు సీజన్ చివర్లో చేరి తొమ్మిది ఆటలు ఆడింది, అందులో సొంత ఊళ్లో ఒక్కటి కూడా లేదు. స్వీనీ 19 స్ట్రైకౌట్లు చేసిన సరిగ్గా నెల తర్వాత, ఎడమచెయ్యి పోగొట్టుకున్న హ్యూ డైలీ అనే పిచర్ యూనియన్ లీగులో అవే 19 చేశాడు. డైలీ పట్టుదలకు దండం పెట్టాల్సిందే. అయినా ఈ రెండు పంతొమ్మిదులూ ఒకటేనని పాచికలు అనుకుంటాయి, మనం అనుకోకూడదు.

మరుసటి ఏడు మెరూన్స్‌ని నేషనల్ లీగ్ చేర్చుకుంది. 1885లో జట్టు 36 గెలిచి 72 ఓడింది, అట్టడుగున నిలిచింది. డన్‌లప్ సగటు 0.270కి పడింది. స్వీనీ 11 గెలిచి 21 ఓడాడు. మనవడితో ఇంకో అట్టముక్క కత్తిరింపించి డన్‌లప్‌కి పదే పచ్చగళ్లు నింపమన్నాను. మిగతా కార్డులూ అలాగే మార్చాం. ఈసారి గ్రేస్ తేలిగ్గా గెలిచింది.

మరి రెండో ఆటే నిజమా? అలా అని నేను అనను. ఒక ఏడాది గడిస్తే చేయి నొప్పి పడొచ్చు, మనసు విరగొచ్చు, మంచి సహచరులు పోవచ్చు. 1885 అంకెలు 1884 అక్టోబరు నాటి మనిషిని పూర్తిగా చూపించలేవు. రెండు ఆటలకీ తేడా ఐదు గళ్లు. ఆ ఐదు గళ్ల గురించి పాచికలకు ఏమీ తెలియదు, నింపిన చేతికి తెలుసు. నా వాదన ఇంతే. ఊహా ఆటలు ఆడించండి, సరదాగా ఉంటాయి, చరిత్ర చదివిస్తాయి. మా మనవడు 1884 గురించి తెలుసుకున్నదంతా ఈ అట్టముక్కల పుణ్యమే. కాని గళ్లు నింపేటప్పుడు ఏం అనుకుని నింపారో పైకి చెప్పకుండా ఫలితాన్ని తీర్పులా ప్రకటించడం తప్పు.

ఇంకో సంగతి. అసలు పుస్తకంలోని అంకెలైనా నిలకడగా ఉన్నాయా? 1884లో రాడ్‌బోర్న్ గెలిచిన ఆటలు కొందరి లెక్కలో 60, కొందరి లెక్కలో 59. జులై 28న ఫిలడెల్ఫియాలో మిల్లర్ అనే పిచర్ మొదటి ఐదు ఇన్నింగ్స్ వేసి జట్టు ఆధిక్యంలో ఉండగా దిగిపోయాడు, మిగతాది రాడ్‌బోర్న్ పూర్తి చేశాడు. ఆనాటి పద్ధతిలో గెలుపు రాడ్‌బోర్న్‌ది, నేటి రూలు ప్రకారం మిల్లర్‌ది. ఆట మారలేదు, రాసే రూలు మారింది.

ఇంతకన్నా నన్ను కుదిపేసింది మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ కథ. అదే 1884లో అమెరికన్ అసోసియేషన్‌లో టొలీడో జట్టు క్యాచర్, నల్లజాతివాడు. ఏ బంతి వేయాలో క్యాచర్ సైగ చేస్తాడు, పిచర్ దాని ప్రకారం వేస్తాడు, ఆటలో ఒప్పందం అది. టొలీడో పిచర్ టోనీ ముల్లేన్ చాలా ఏళ్లకు, 1919లో, నిజం బయటపెట్టాడు. తాను చూసిన క్యాచర్లలో వాకరే మేటి అన్నాడు. కాని నల్లవాడి మాట వినడం ఇష్టంలేక ఆ సైగలను లెక్కచేయకుండా తోచిన బంతి వేసేవాణ్ణని చెప్పుకున్నాడు. చేతికి సరైన గ్లవ్ కూడా లేని కాలంలో, ఏ బంతి వస్తుందో తెలియకుండా వాకర్ వాటిని ఆపేవాడు. ఆపలేక వదిలేసిన బంతి క్యాచర్ తప్పు కింద పుస్తకంలోకి ఎక్కుతుంది. మన దగ్గర బైలు కీపర్‌ని వెక్కిరించినట్టే. నేను స్కోరర్‌గా కూర్చున్నా అలాగే రాయాలి, రూలు అది. మరి వాకర్ కార్డు చేసేటప్పుడు ముల్లేన్ ద్వేషానికి ఎన్ని గళ్లు తీసెయ్యాలి?

ఇది బల్లమీది ఆటే కదా, దీనికింత రాద్ధాంతం దేనికి అనేవాళ్లుంటారు. అసలు రికార్డుల్లోనూ జరిగింది ఇదే. 1968లో అమెరికాలో బేస్‌బాల్ రికార్డుల కోసం ఒక కమిటీ వేశారు. చరిత్రలో ఏవి మేజర్ లీగులో తేల్చడం దాని పని. ఐదుగురు సభ్యులూ తెల్లవాళ్లే. ఆల్టూనా, విల్మింగ్టన్ ఆడిన యూనియన్ అసోసియేషన్‌కి వాళ్లు మేజర్ హోదా ఇచ్చారు. డన్‌లప్ 0.412 అధికారిక రికార్డులోకి వెళ్లి కూర్చుంది. బిల్ జేమ్స్ వంటి గణాంక రచయిత ఆ తర్వాత గట్టిగా అభ్యంతరం చెప్పినా హోదా చెక్కుచెదరలేదు. నల్లజాతి ఆటగాళ్ల నీగ్రో లీగులను మాత్రం ఆ కమిటీ పరిశీలనకే తీసుకోలేదు. వాటికి గుర్తింపు 2020 డిసెంబరులో వచ్చింది. 2024 మేలో అంకెలు కలిపితే జీవితకాల బ్యాటింగ్ సగటులో టై కాబ్ 0.367ని నీగ్రో లీగుల ఆటగాడు జోష్ గిబ్సన్ 0.372 దాటేసింది. గిబ్సన్ 1947లోనే చనిపోయాడు. నీగ్రో లీగుల్లో ఆటలు తక్కువ, షెడ్యూలు అస్తవ్యస్తం అని గొణిగినవాళ్లున్నారు. ఆ పట్టింపు యూనియన్ లీగు దగ్గర ఏమైంది?

మనకీ ఈ జబ్బు ఉంది. ప్రతి పెద్ద టోర్నీ ముందు కంప్యూటర్ విజేతని తేల్చేసిందని చానళ్లు ఊదరగొడతాయి. ఆనాటి జట్టుకీ ఈనాటి జట్టుకీ ఆట పెట్టే యాప్‌లు ఫోన్ నిండా ఉన్నాయి. మన సి.కె. నాయుడునే తీసుకోండి. భారత జట్టు మొదటి టెస్టుకి, 1932లో లార్డ్స్‌లో, ఆయనే కెప్టెన్. అప్పటికి వయసు 36. టెస్టు కార్డు తీస్తే 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25. ఏ సిమ్యులేషన్‌లోనైనా ఆరో నంబర్‌కి నెట్టేస్తారు. 1926లో బొంబాయిలో ఎంసీసీ మీద 11 సిక్సర్లతో ఆయన కొట్టిన 153 ఆ కార్డులో ఉండదు, ఎందుకంటే అది టెస్టు కాదు. భారత్‌కి అప్పటికి టెస్టు హోదా లేదు మరి. ఆ రోజుల్లో ఆ హోదా ఇచ్చేది లండన్. ఇవ్వడం ఆలస్యమైతే ఆయన ప్రతిభ ఎలా తగ్గుతుంది?

అందుకే సిమ్యులేషన్ ఫలితం ప్రకటించే ప్రతివాళ్లూ స్కోరు పైన మూడు వాక్యాలు రాసి తీరాలంటాను. ఏ లీగు అంకెలు వాడారు, వాటిని ఎంత పెంచారో తగ్గించారో, కార్డు దక్కనివాళ్లెవరు. స్కోరర్ ఆట మొదలవక ముందే పుస్తకంలో మైదానం, టాస్, అంపైర్ల పేర్లు రాసుకుంటాడు. అవి లేని షీటు తెస్తే జిల్లా సంఘం కూడా తీసుకోదు. కోట్ల మంది చూసే తెర మీద ఆ పాటి మర్యాద ఎందుకు పాటించరు?