ఊరి బడిని వదిలి వెళ్లిందెవరు?

కలెక్టరు దంపతులు తమ పాపను సర్కారు బడిలో చేర్పిస్తే పత్రికలన్నీ ఫొటోతో సహా వేస్తాయి. మేమూ వేస్తాం. ప్రజల సొమ్ముతో నడిచే బడిలో ప్రజల సొమ్ముతో జీతం తీసుకునే అధికారి బిడ్డ చదవడం వార్త అయిందంటే మెచ్చుకోవడానికన్నా ముందు సిగ్గుపడాలి. ఊరి బడిలో పాఠం చెప్పే సారు పిల్లలే పట్నంలో టెక్నో స్కూలు బస్సు ఎక్కుతుంటే, ఉపాధి హామీ పనికి పోయే తల్లి ఆ బడిని ఏం చూసి నమ్మాలి? అప్పు చేసైనా ఆమె తన బిడ్డను అదే బస్సు ఎక్కిస్తోంది. తెలంగాణలో ప్రైవేటు బడులు సర్కారు బడుల్లో సగం కూడా లేవు. చదివే పిల్లలు మాత్రం అక్కడే ఎక్కువ.

జిల్లా పరిషత్ హైస్కూల్లో కరణం గారబ్బాయి, పాలేరు కొడుకు ఒకే గదిలో కూర్చున్న రోజులున్నాయి. వాటిని స్వర్ణయుగమని పొగడనక్కర్లేదు. పాలేరు కొడుకు పదో తరగతి దాకా రావడమే గగనం, వచ్చినా వెనక వరుసే. అయినా ఆ గది కప్పు కారితే కరణం గారికి పట్టేది. లెక్కల సారు నెలరోజులు రాకపోతే సర్పంచి అడిగేవాడు, అతని కొడుకూ అక్కడే ఉన్నాడు గనుక. దళిత, బీసీ వాడల పిల్లలు పెద్ద సంఖ్యలో బడిలో అడుగుపెట్టిన దశాబ్దాల్లోనే ఊరి పెద్దల పిల్లలు కాన్వెంట్ల దారి పట్టారు. ఇంగ్లిషు కోసమే వెళ్లారని సర్దిచెప్పుకుంటాం. ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే సక్సెస్ స్కూళ్ల పేరుతో సర్కారు హైస్కూళ్లలో ఇంగ్లిషు మీడియం పెట్టారు. వెళ్లినవాళ్లు వెనక్కి రాలేదు. తమ పిల్లల పక్కన ఎవరు కూర్చోవాలో, ఎవరు కూర్చోకూడదో కూడా ఆ ఫీజులో కలిసే ఉందని పైకి ఎవరూ అనరు.

అడిగేవాళ్లు పోయాక మిగిలిన పని ప్రభుత్వ లెక్కలు చేశాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు చాలు. తరగతులేమో ఐదు. ఇద్దరిలో ఒకరు శిక్షణకో, ఓటర్ల జాబితా పనికో పోతే మిగిలిన ఒక్కరు ఐదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టుకోవాలి. అది చూసి నలుగురు పిల్లలు మానేస్తారు. పిల్లలు తగ్గారని హేతుబద్ధీకరణలో ఒక పోస్టు ఎత్తేస్తారు. పోస్టు పోయిందని మిగిలినవాళ్లూ పోతారు. చివరికి ‘ప్రజలే ఆదరించడం లేదు’ అని నివేదిక రాస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117వ నంబరు జీవో మూడు నుంచి ఐదో తరగతి దాకా పిల్లలను హైస్కూళ్లకు తరలించి ఊరి బడిని ఇంకా పలచన చేసింది. 2025లో దాన్ని రద్దు చేసి, ఎంపిక చేసిన బడుల్లో తరగతికో టీచరు ఉండాలన్నారు. ఇన్నేళ్ల సంస్కరణల్లో తల్లిదండ్రుల కంటికి ఆనే నిర్ణయం ఇదొక్కటే. ఎంపిక చేసిన బడులకే ఎందుకు ఆగాలి?

నాడు-నేడు పేరుతో ఆంధ్రలో, మన ఊరు-మన బడి పేరుతో తెలంగాణలో గోడలు లేచాయి, మరుగుదొడ్లు వచ్చాయి. అవి అవసరమే. కానీ పిల్లల్ని నిలబెట్టేది టీచరు. ఇంకోపక్క ఆంధ్రలో అమ్మ ఒడి, ఇప్పుడు తల్లికి వందనం: బిడ్డ ఏ బడిలో చదివినా తల్లి ఖాతాలో సొమ్ము పడుతుంది. ఆ తల్లుల అవసరాన్ని తప్పుపట్టం. అయితే అందులో గణనీయమైన భాగం ప్రైవేటు ఫీజు కౌంటరుకే చేరుతోంది. ఊరి బడి ఖాళీ కావడానికి ఖజానాయే చార్జీలు భరిస్తోంది.

గురుకులాల మాట వేరు. 1971లో సర్వేల్‌లో పీవీ నరసింహారావు చొరవతో మొదలైన ఆ దారి ఎన్నో పేద ఇళ్ల రాత మార్చింది. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినే. ఆ విజయాన్ని తక్కువ చేయలేం. కానీ ఎస్సీలకో సొసైటీ, ఎస్టీలకొకటి, బీసీలకొకటి, మైనారిటీలకొకటి. ఊళ్లో వాడలు విడిపోయినట్టే బడులూ విడిపోతే, ఆ పిల్లలు ఒకరికొకరు పరిచయమయ్యేది ఎక్కడ? డబ్బున్నవాళ్ల పిల్లలైతే ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ గదుల్లో, తమ లాంటివాళ్ల మధ్యే పెరుగుతున్నారు. కూలి మనిషి కొడుకును తోటివాడిగా ఎన్నడూ చూడని కుర్రాడు రేపు ఆర్డీవో అయి, ఆ కూలి మనిషి అర్జీ చదువుతాడు.

ఈ చీలిక ప్రమాదాన్ని కొఠారీ కమిషన్ 1966లోనే గుర్తించింది. ఆ చుట్టుపక్కల పిల్లలందరూ ఒకే బడికి వెళ్లే కామన్ స్కూలు పద్ధతి కావాలంది. 1968 జాతీయ విద్యావిధానం దాన్ని ఒప్పుకుంది. అక్కడితో సరి. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద, అణగారిన వర్గాల పిల్లలకు ఇవ్వాలంటే, 2012లో సుప్రీంకోర్టు సమర్థించినా, ఆంధ్రప్రదేశ్‌లో 2022 దాకా కదలిక లేదు. తెలంగాణ అంతకన్నా వెనకబడింది. ఆ సీట్లు వెంటనే, పూర్తిగా నింపాలి. ఊరి బడికి అది ప్రత్యామ్నాయం మాత్రం కాదు.

మా వైఖరి ఇది. పిల్లల సంఖ్యతో పని లేకుండా ప్రతి పంచాయతీలో కనీసం ఒక ప్రాథమిక పాఠశాలలో తరగతికో టీచరును పెట్టాలి. ఖజానా నుంచి జీతం తీసుకునేవాళ్లు, టీచర్లతో మొదలుపెట్టి, తమ పిల్లలను సర్కారు బడికి పంపాలి. ఇది నిర్బంధం అంటారు, వ్యక్తి స్వేచ్ఛ అంటారు. 2015లో అలహాబాద్ హైకోర్టు ఇలాంటి ఆదేశమే ఇస్తే ఉత్తరప్రదేశ్ సర్కారు అమలు చేయలేదు. కూలి తల్లికి లేని ఎంపిక స్వేచ్ఛ గురించి ఇంత బెంగపడేవాళ్లకు ఒక సులువైన దారి ఉంది. సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత 2003 నుంచి ఎన్నికల అభ్యర్థులు కేసులు, ఆస్తులు, చదువు వివరాలు అఫిడవిట్‌లో రాస్తున్నారు. అందులో ఇంకో గడి చేర్చండి: పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు, చదివారు? ఐఏఎస్ నుంచి ఎంఈవో దాకా ఏటా ఇచ్చే ఆస్తుల ప్రకటనలోనూ అదే గడి ఉండాలి. ఎవరినీ బలవంతపెట్టనక్కర్లేదు. ఆ జవాబు పంచాయతీ నోటీసు బోర్డు మీద అతికిస్తే చాలు.