వాక్యం ఎలా ఉంది?

తార్నాకలో మా చర్చి గేటు దగ్గర ప్రతి ఆదివారం ఒకే మాట వినిపిస్తుంది: "ఈరోజు వాక్యం చాలా బాగుంది కదా!" నేనూ అంటాను. చెప్పులు వెతుక్కుంటూ ఐదు నిమిషాలు ప్రసంగం గురించి మాట్లాడుకుంటాం. పాస్టర్ గారు ఎలా చెప్పారు, ఎక్కడ కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎక్కడ కొంచెం సాగదీశారు. సినిమా చూసొచ్చినవాళ్లు మాట్లాడుకున్నట్టే. తర్వాత ఇంటికెళ్లి బిర్యానీ. సోమవారానికి ఆ ప్రసంగం దేని గురించో కూడా గుర్తుండదు.

తప్పు పాస్టర్లదే అని చాలాకాలం అనుకున్నాను. మన ఇంటర్నల్స్ గురించి, మన ఫోన్ల గురించి వాళ్లకేం తెలుసు అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవట్లేదు. ఎందుకో చెప్పాలంటే ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

పోయిన సెమిస్టర్ డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్. బైనరీ సెర్చ్ ట్రీ నుంచి ఒక నోడ్‌ని డిలీట్ చేసే ప్రోగ్రామ్. ఎంత తన్నుకున్నా నా కోడ్ క్రాష్ అవుతూనే ఉంది. మా క్లాస్‌లో ఒక ఫ్రెండ్ ఉన్నాడు. పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి సెకండియర్‌లో చేరాడు. టెన్త్ వరకు తెలుగు మీడియం. రాత్రి పదకొండింటికి అడిగితే కోడ్ పంపాడు. అర్థం కాలేదంటే, వాయిస్ మెసేజ్‌లో తెలుగులో మొత్తం వివరించాడు. నేను వేరియబుల్ పేర్లు మార్చి సబ్మిట్ చేశాను.

రెండు కోడ్‌లూ ఒకటేనని దొరికిపోయింది. సార్ ఇద్దర్నీ క్లాస్ ముందు నిలబెట్టి ఎక్స్‌ప్లెయిన్ చేయమన్నారు. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. రాత్రి వాడు తెలుగులో చెప్పినదాన్నే గడగడా ఇంగ్లిష్‌లో చెప్పేశాను. రాసినవాడు మాత్రం మాటల కోసం తడుముకుంటూ నిలబడ్డాడు. కాపీ కొట్టింది వాడేనని సార్ తేల్చేశారు. వాడికి సున్నా, నాకు ఫుల్ మార్కులు. నేను వెళ్లి నా సీట్లో కూర్చున్నాను. ఏమీ అనలేదు.

ఆ ఆదివారం ప్రసంగం జక్కయ్య గురించి. తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఈ కథ లూకా సువార్త 19వ అధ్యాయంలో ఉంది. జక్కయ్య యెరికో ఊళ్లో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. బాగా వెనకేశాడు. మనిషి పొట్టి. జనంలో యేసు కనబడట్లేదని మేడిచెట్టు ఎక్కాడు. యేసు పైకి చూసి, దిగి రా, ఈరోజు మీ ఇంట్లోనే ఉంటానన్నాడు. పాస్టర్ గారు ఆ పిలుపు గురించి చెప్తుంటే నేను ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. క్షమించమని ప్రార్థన చేశాను. బయటికొచ్చేసరికి మనసు తేలికైపోయింది. "వాక్యం చాలా బాగుంది" అన్నాను.

సోమవారం క్యాంటీన్‌లో వాడు ఎదురొచ్చాడు. నేను తల దించి ఫోన్ చూసుకున్నాను.

నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఆ తేలికతనమే. వాడి సున్నా అలాగే ఉంది, నా బరువు మాత్రం దిగిపోయింది. బాకీ వాడికి పడ్డాను, రసీదు దేవుడి దగ్గర తీసుకున్నాను.

ఆ సాయంత్రం ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిచి, ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చున్నాను. చెట్ల కింద గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు పుస్తకాలు ముందేసుకుని ఉన్నారు. పెద్ద చదువులు మన దేశపు భాషలోనూ చెప్పొచ్చని 1918లో ఉర్దూ మీడియంతో మొదలైన యూనివర్సిటీ ఇది. అక్కడ కూర్చుని వాడి వాయిస్ మెసేజ్ మళ్లీ విన్నాను. ఎంత క్లియర్‌గా చెప్పాడో! ఇంగ్లిష్ రాకపోతే సబ్జెక్ట్ రానట్టే అని సార్ పొరబడ్డారు. కానీ నిజం తెలిసి కూడా ఆ పొరపాటుని వాడుకున్నది నేను.

తర్వాత జక్కయ్య కథ ఫోన్‌లో తీసి చదివాను. అతను ఏడ్చినట్టు అందులో ఎక్కడా లేదు. నిలబడి లెక్క చెప్పాడు. ఆస్తిలో సగం పేదలకి, అన్యాయంగా ఎవరి దగ్గర తీసుకున్నా నాలుగంతలు వెనక్కి. ఈ నాలుగంతలు ఎక్కడిదా అని వెతికాను. సంఖ్యాకాండం 5వ అధ్యాయం ప్రకారం, తప్పు ఒప్పుకున్నవాడు తీసుకున్నదానికి ఐదో వంతు కలిపి ఇస్తే చాలు. గొర్రెని దొంగిలించి కోసుకున్నవాడో అమ్ముకున్నవాడో అయితే నాలుగు గొర్రెలు ఇవ్వాలి. అది నిర్గమకాండం 22లో ఉంది. అంటే చిన్న లెక్క ఉండగా జక్కయ్య తనకి దొంగ లెక్క వేసుకున్నాడు.

స్కూల్లో నేను నేర్చుకున్న మాట 'రిపెంట్'. దానికి బాధపడటం అనే అర్థమే నా బుర్రలో ఉండిపోయింది. మన తెలుగు చర్చిల్లో మాట 'మారుమనస్సు'. అందులో ఉన్నది బాధ కాదు, మార్పు. కొత్త నిబంధన గ్రీకులో ఉన్న 'మెటానోయా'కి కూడా అదే అర్థం. చిన్నప్పట్నుంచీ వింటున్న మాటని నేను ఒక్కసారైనా విడదీసి చూసుకోలేదు.

మర్నాడు సార్ దగ్గరికి వెళ్లి ఉన్నది చెప్పాను. సార్ మార్కులు మార్చారు. నాకు సున్నా. ఇక అయిపోయిందనుకుని వాడికి సారీ చెప్పడానికి వెళ్లాను. వాడు కోప్పడలేదు. ఒక్క మాటే అడిగాడు: "కాపీ కొట్టిన్నని సార్ అన్నప్పుడు క్లాసంతా ఉండె గదరా. నువ్వు పోయి చెప్పినప్పుడు ఎవరున్నరు?"

నాలుగంతలు అంటే ఏంటో నాకు అప్పుడు అర్థమైంది. మార్కులు అసలు మాత్రమే. తర్వాతి ల్యాబ్‌లో సార్ పర్మిషన్ తీసుకుని క్లాస్ ముందు నిలబడి చెప్పాను. తెలుగులోనే చెప్పాను. వెనక ఎవరో నవ్వారు. వాడు తలెత్తలేదు. మేం ఇప్పటికీ మునుపటిలా లేం. దానికి వాణ్ణి తప్పుపట్టలేను. జక్కయ్య దగ్గర డబ్బు వెనక్కి పుచ్చుకున్నవాళ్లు అతనితో స్నేహం చేశారని కూడా కథలో లేదు.

ఇదంతా అమ్మకి చెప్తే, "క్షమాపణ కృప వల్ల వస్తుంది నాన్నా, మనం లెక్కకట్టి కొనుక్కునేది కాదు" అంది. నిజమే. మీ ఇంటికొస్తానని యేసు ముందే అన్నాడు, జక్కయ్య లెక్క ఆ తర్వాతే. నేను కొనుక్కోమనట్లేదు. క్షమాపణ దొరికినవాడు చేతులు కట్టుకుని కూర్చోలేడు అంటున్నాను.

మా నాయనమ్మది మెదక్. అక్కడి పెద్ద చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నాయనమ్మ మాత్రం దాని అందం గురించి మాట్లాడదు. కరువు రోజుల్లో పాస్నెట్ దొర ఆ కట్టడం పని పెట్టి జనానికి తిండి పెట్టాడని పెద్దవాళ్లు చెప్పుకున్నదే చెప్తుంది. ఆ చర్చిలో చెప్పిన మొదటి ప్రసంగం ఏంటో ఆమెకి తెలీదు. తిండి దొరికిన సంగతి మాత్రం మూడు తరాలుగా ఇంట్లో నిలిచింది.

మన చర్చిల్లో సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. ఉద్యోగం వచ్చింది, వీసా వచ్చింది, బ్యాక్‌లాగ్‌లు పోయాయి, దేవునికి స్తోత్రం. మంచిదే. కానీ ఫలానా మనిషికి అన్యాయం చేశాను, వెళ్లి సరిచేశాను అని ఎవరైనా చెప్పగా నేనింతవరకు వినలేదు. సాక్ష్యం అనేది కోర్టులో కూడా వాడే మాట. ఆరోజు ల్యాబ్‌లో మా ఫ్రెండ్ తరఫున చెప్పగల సాక్షిని నేనొక్కణ్ణే. నోరు మూసుకున్నాను.

ఇది క్రైస్తవుల సంగతే కదా అని పేజీ తిప్పేయకండి. గుళ్లో దణ్ణం పెట్టుకున్నా, నమాజు చేసినా, ఏదీ చేయకుండా రాత్రి స్టేటస్‌లో బాధ పెట్టుకున్నా, మనసు తేలికపడితే పని అయిపోయిందనుకోవడం అందరికీ ఉన్నదే.

ఈ వ్యాసం రాసేముందు వాణ్ణి అడిగాను. "పేరు రాయకు. మిగిలింది నీ ఇష్టం" అన్నాడు.

పోయిన ఆదివారం గేటు దగ్గర ఒక అంకుల్ అలవాటుగా అడిగారు, "వాక్యం ఎలా ఉంది బాబూ?" అని. "ఈ వారం అయ్యాక చెప్తానంకుల్" అన్నాను. ఆయన నవ్వేశారు. నేను జోకేమీ వేయలేదు.