పాత కెమెరా కొంటే ఏది?

రీలు వేసే రేంజ్‌ఫైండర్ ఇప్పుడు కొనాలంటే దాదాపుగా సెకండ్‌హ్యాండే గతి. 1954లో వచ్చిన లైకా ఎం3 అందరి కల గానీ, దాని ధర వింటేనే గుండె జారుతుంది. నా లెక్కలో మిగిలినవి రెండే: యాషికా ఎలక్ట్రో 35, కెనానెట్ క్యూఎల్17 జీ-3. రెండింటి లెన్సూ ఎఫ్/1.7. వెలుతురు తక్కువున్న ఇంట్లోనూ పనికొస్తాయి.

యాషికాలో ఎపర్చర్ మనం పెడితే షట్టర్ వేగం అదే చూసుకుంటుంది. హాయే! కానీ బ్యాటరీ అయిపోతే ఇక 1/500 ఒక్కటే గతి. కెనానెట్‌లో మీటరు మాత్రమే పోతుంది. మాన్యువల్‌లో పెడితే అన్ని వేగాలూ పనిచేస్తాయి. ఆనాటి మెర్క్యురీ బ్యాటరీలు ఇప్పుడు తయారవట్లేదు, కాబట్టి ఇది చిన్న తేడా కాదు.

ఏది కొన్నా లెన్సులోకి టార్చి వేసి చూడండి. మా పాయకరావుపేట లాంటి చోట్ల సముద్రపు తేమకి లోపల సాలెగూడులా ఫంగస్ పడుతుంది. వెనక తలుపు స్పాంజి జిగురైందేమో తడమండి. తాండవ ఒడ్డున నిలబడి, అవతల తుని వైపు దూరంగా ఉన్న తాటిచెట్టుని చూస్తూ రింగు చివరిదాకా తిప్పండి. రెండు బొమ్మలూ ఒకటవ్వాలి.

నా ఓటు కెనానెట్‌కే. ఫొటో అంటేనే మొహం తిప్పుకునే అమ్మమ్మ ఒక్కసారి సరేనని కూర్చున్నాక, బ్యాటరీ తెచ్చేదాకా ఆగమనలేం కదా!