చేమకూర కోసం వెదికితే

కిందటి నెలలో ఓ ఆదివారం. మర్నాడు బి.ఏ. వాళ్ళకు చేమకూర వేంకటకవి పాఠం చెప్పాలి. విజయవిలాసంలో ఓ పద్యానికి మా గురువుగారు చెప్పిన విశేషార్థం సగం మరచిపోయాను. రిటైరయ్యాక వారు తమ వ్యాఖ్యానమంతా ఇంటర్నెట్టులో పెట్టించారు గదా, చూద్దామని సెల్‌ఫోను తీసి సెర్చి ఇంజనులో 'చేమకూర' అని కొట్టాను. రెప్పపాటులో జవాబు వచ్చింది: చేమకూర పులుసు, చేమకూర పప్పు, చేమకూర వేపుడు! వెనకనుంచి తొంగిచూసిన మా ఆవిడ, "ఏమండోయ్, ఇవాళ వంట మీదేనా?" అంది. తంజావూరి రఘునాథనాయకుని ఆస్థానకవికి పట్టిన గతి యిది.

యంత్రాన్ని తిట్టి లాభం లేదు. ఆ మాట కొట్టేవారిలో ఎక్కువమందికి కావలసింది కూరే గాని కవి కాదు. పక్కన 'వేంకటకవి' అని చేర్చాను. కూర పోయి కవి వచ్చాడు.

వచ్చాడు గాని, అందరికంటె పైన కూర్చున్న పేజీ గురువుగారిది కాదు. ఎవడో మహానుభావుడు ఆయన వ్యాఖ్యానాన్ని అచ్చుతప్పులతో సహా ఎత్తుకుపోయి, పద్యానికీ పద్యానికీ నడుమ తలనూనె ప్రకటనలు గుచ్చి, కింద తన పేరు వేసుకున్నాడు. అసలు పేజీ ఎక్కడో అడుగున, వెదగ్గా వెదగ్గా దొరికింది.

ఇదెట్లా జరుగుతుందని కాస్త కూపీ తీశాను. మనం అడిగినప్పుడు యంత్రం లోకమంతా గాలిస్తుందనుకుంటాం. కాదట. ముందే ఊరూరా తిరిగి, పేజీలన్నీ చదివి, పెద్ద గ్రంథాల చివర ఉండే పదసూచికలాంటిది కట్టి ఉంచుకుంటుంది. అడగ్గానే ఆ సూచిక తిప్పుతుంది. 1998లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు విద్యార్థులు తమ గూగుల్‌ను గురించి వ్యాసం రాసేనాటికి అందులో 2 కోట్ల 40 లక్షల పేజీలుండేవి; జవాబుకు 1 నుంచి 10 సెకన్లు పట్టేది. ఇప్పుడు మనకంత ఓపిక ఏదీ? 2009లో గూగుల్ వారు కొందరికి కావాలనే సెకనులో పదోవంతు మొదలు నాలుగు పదోవంతులదాకా ఆలస్యంగా జవాబిచ్చి చూశారు. ఆ మాత్రానికే వాళ్ళు వెదకడం నూటికి 0.2 నుంచి 0.6 వంతు తగ్గించారట!

అందుచేత జవాబిచ్చే క్షణంలో ఎవడు దొంగో ఎవరు దొరో విచారించే తీరిక యంత్రానికి బహుతక్కువ. విచారణలో చాలాభాగం ముందే జరిగిపోవాలి. దానికి ఆ యిద్దరూ కనిపెట్టిన ఉపాయం చూస్తే నాకు మన పీఠికల వ్యవహారం గుర్తొచ్చింది. ఒక పేజీలో మరో పేజీకి దారి చూపే లింకు ఉంటే అది సిఫార్సు. పెద్దవారు చేస్తే విలువ ఎక్కువ. అడిగినవాడికల్లా పీఠిక రాసిచ్చే పండితుని మాట పలచబడుతుంది చూశారూ? అట్లాగే ఒక పేజీ ఎందరికి లింకులిస్తే దాని విలువ అన్ని వాటాలవుతుంది. ఎంత ముచ్చటైన లెక్క!

ముచ్చట ఎంతోకాలం నిలవలేదు. సిఫార్సుకు విలువుందని తెలిశాక సిఫార్సులు అమ్మేవాళ్ళు వెలిశారు. ఉత్తుత్తి పేజీలు వందలకొద్దీ పుట్టించి, ఒకదాన్నొకటి పొగుడుకునేట్టు చేశారు. 2012లో గూగుల్ 'పెంగ్విన్' అని పేరుపెట్టి ఓ కొత్త జల్లెడ పట్టి ఇట్లాంటివాటిని కిందికి తోసింది. జల్లెడతో చిక్కేమిటంటే, కన్ను మరీ సన్నమైతే సిఫార్సుల్లేని గురువుగారి పేజీలాంటివీ దొంగలతోపాటు ఆగిపోతాయి. పెద్దదైతే తలనూనె దిగుతుంది.

ఇదంతా తెలిసినకొద్దీ నాకు ఉక్రోషం పెరిగింది. క్లాసులో అరవైమంది ఉన్నారు. తలా ఓ పేజీ తెరిచి గురువుగారికి లింకు పెట్టమందామని పథకం వేసి, సంబరంగా ఆయనకే ఫోను చేశాను.

ఆయన సాంతం విని, "వాళ్ళు చదివారుటోయ్?" అన్నారు.

"ఇంకా లేదండీ."

"మరి ఆ తలనూనెవాడు చేసిందీ అదేగా?"

నేను కిక్కురుమనలేదు.

సోమవారం పాఠం చెప్పి, గురువుగారి పేజీ చిరునామా మాత్రం నల్లబల్లమీద రాశాను. లింకుల మాట ఎత్తలేదు. గురువారంనాడు ఎన్నడూ నోరు విప్పని పిల్ల ఒకతె వచ్చి, "మాస్టారూ, ఆ పద్యానికి వారు చెప్పిన అర్థం నాకు కుదరలేదండీ. ఎందుకు కుదరలేదో నా పేజీలో రాసి, వారి వ్యాఖ్యానానికి లింకిచ్చాను. తప్పా?" అంది.

ఆ సాయంత్రమే గురువుగారికి ఫోను చేసి చెప్పాను. "ఏమంది? ఎక్కడ కుదరలేదంది?" అని మూడుసార్లు అడిగారు. ఆ పిల్ల రాసింది చదివి వినిపించేదాకా నన్ను వదల్లేదు.

తలనూనెవాడు ఇంకా పైనే ఉన్నాడు.