ప్రణయలేఖయా? శోకగీతమా?

ఒకే పద్యము ఒకరు చదివినపుడు శృంగారముగను, మరొకరు చదివినపుడు కరుణముగను తోచుట మీరెరిగినదే. అక్షరమును ఛందస్సును మారవు. చదువు నడక మారును. ఇట్టి వింతకు పాశ్చాత్య వాద్యబృంద సంగీతమునుండి ఒక నిదర్శనమును ఈ మాసము మీ ముందుంచెదను. అది గుస్టావ్ మాలర్ రచించిన అయిదవ సింఫనీలోని నాల్గవ భాగము. దానిని 'అడాజియెట్టో' యందురు.

ఈ సింఫనీ 1901, 1902 సంవత్సరములలో రచింపబడి, 1904 అక్టోబరు 18వ తేదీన జర్మనీలోని కొలోన్ నగరమున మొదటిసారి వినిపింపబడినది. శవయాత్రకు తగిన నడకతో మొదలిడి ఉల్లాసముతో ముగియు కృతి యిది. నాల్గవ భాగము వచ్చుసరికి బాకాలు, పిల్లనగ్రోవులు, భేరీలు అన్నియు మౌనము వహించును. కమానుతో వాయించు తంత్రీవాద్యములును, ఒక హార్ప్ వాద్యమును మాత్రమే మిగులును.

దీని శ్రుతి ఎఫ్ మేజర్. మేజర్ అనగా మన ధీరశంకరాభరణ మేళమునకు సరిపోవు స్వరపంక్తి యని వీణ నేర్చినవారికి చెప్పిన చాలును. అయితే మాలర్ మొదటనే షడ్జమును వినిపింపడు. గాంధార పంచమములు మాత్రమే మెల్లగా పలుకుచుండును. అది సంతోషమో విచారమో చెవికి తెలియదు. కొంత నడచిన పిమ్మట షడ్జము క్రిందుగా వచ్చి నిలుచును. అపుడు చీకటిలో తడుముకొనువాని చేతికి తన యింటి ద్వారబంధము తగిలినట్లుండును. నడుమ భాగమున ఆ షడ్జమే స్థానము విడిచి, అర్ధస్వరము పైనున్న జి-ఫ్లాట్ వరకు సంచరించి, తుదకు మరల ఇల్లు చేరును. మన కచేరీలో ఆధారషడ్జము కదలదు గాన ఇది మనకు క్రొత్తగా నుండును.

పాట పలుమారు తాను చేరవలసిన స్వరముపై నేరుగా వ్రాలక, ప్రక్క స్వరమున కొంత నిలిచి పిదప దిగును. ఆర్తి యంతయు ఆ నిలుపుననే యున్నది. ఎంతసేపు నిలువవలెను? వివాదమంతయు దీనినిగూర్చియే.

'మిక్కిలి విలంబముగా' అని మాలర్ వ్రాసెనే గాని నిమిషమునకింత యని లెక్క చెప్పలేదు. విల్లెం మెంగెల్‌బెర్గ్ 1926లో ఆమ్‌స్టర్‌డాం కన్సర్ట్‌గెబౌ బృందముచే వాయింపించిన రికార్డు సుమారు 7 నిమిషములు. బ్రూనో వాల్టర్ 1938 జనవరిలో వియన్నా ఫిల్‌హార్మోనిక్ బృందముతో చేసినది సుమారు 8 నిమిషములు. వీరిద్దరును మాలర్‌ను దగ్గరనుండి ఎరిగినవారు. 1973లో కారయాన్ రికార్డు 12 నిమిషములకును, 1988లో హైటింక్ రికార్డు 14 నిమిషములకును సమీపించినవి. నాటి రికార్డు ఒక ప్రక్క 4 నిమిషములకు మించి అంతగా పట్టదు గాన పూర్వులు త్వరపడిరని కొందరందురు. కాని మాలర్ తానే నడిపినపుడును 7, 9 నిమిషముల నడుమ ముగిసినట్లు ఆనాటివారు గుర్తుంచిరి.

నడక మందగించిన కొలది రసము మారినది. 1968 జూనులో రాబర్ట్ కెన్నెడీ అంత్యక్రియలయందు న్యూయార్కులోని సెయింట్ పాట్రిక్ దేవాలయమున లెనార్డ్ బెర్న్‌స్టయిన్ దీనిని వాయింపించెను. 1971లో విస్కోంటి 'డెత్ ఇన్ వెనిస్' చిత్రమున దీనినే వాడెను. అప్పటినుండి ఈ పాట యనిన మృత్యువే పలువురికి తలపునకు వచ్చుచున్నది.

మెంగెల్‌బెర్గ్ తన స్వరప్రతిలో వ్రాసికొన్న సంగతి వేరు. ఇది మాలర్ ఆల్మా షిండ్లరునకు పంపిన మాటలులేని ప్రణయలేఖ యనియు, ఆమె గ్రహించి రమ్మని బదులు వ్రాసెననియు, ఈ మాట దంపతులిద్దరును తనకు చెప్పిరనియు అందున్నది. లేఖ యనిన ప్రత్యుత్తరమును కోరును. కోరువాని గొంతు వణకవచ్చును గాని, అడుగడుగున ఆగిపోరాదు. వాల్టర్ రికార్డున ఆ ఊపిరి వినబడును. రెండు నెలలకే ఆస్ట్రియా హిట్లరు వశమై, యూదుడగు వాల్టరునకు ఆ నగరము దూరమయ్యెను. యూదుల యింట పుట్టిన మాలర్ సంగీతమునకు అచట చోటు లేకపోయెను. అయినను ఆ వాదనమున విలాపము లేదు.

నాకు మాత్రము దీనిలో ఒక విచారము వినబడును; అది నడకవలన వచ్చినది కాదు. ఆల్మాయు స్వరకర్త్రియే. 1901 డిసెంబరులో మాలర్ ఆమెకు మాటలతోడనే మరియొక లేఖ వ్రాసి, స్వరరచన మానుకొనుమని కోరెను. ఆమె ఒప్పుకొనెను. 1902 మార్చిలో వారికి వివాహమయ్యెను. 1910లో అతడు ఆమె పాటలను చూచి మెచ్చుకొనగా, వానిలో అయిదు అచ్చుపడినవి. మరుసటి యేటనే అతడు మరణించెను. ఒక యింట ఇద్దరు రచించుటకు చోటు లేదని తలచినవాడు, పాట మధురమగుటచేత మాత్రమే నిర్దోషి కాజాలడు. పాటయు ఆ దోషముచేత చేదగుట లేదు. రెంటిని మనసున నుంచుకొని వినుటయే మనకు తగును.

నేడు ఈ రికార్డులన్నియు చేతిలోని ఫోనునందే లభించును. మొదట వాల్టరును, పిదప హైటింకును వినుడు. గడియారమును చూడవలదు, పాటతోపాటు మీరును లోలోపల కూనిరాగము తీయుడు. ఎచ్చట మీ ఊపిరి చాలకపోవునో, అచ్చట లేఖ ముగిసి శోకగీతము మొదలయినట్లు తెలిసికొనుడు.